అట్ట మీది పేరు

కూర బాగుందని రాజశేఖర్ ఎన్నడూ అనడు. బాగోకపోతే మాత్రం "ధ్యాస యాడుందో!" అంటాడు. ఆ బుధవారం పొద్దున కూడా అదే అన్నాడు. సుస్మిత ధ్యాస నిజంగానే కూరలో లేదు. బల్ల మీద పడి ఉన్న చిన్న పుస్తకంలో ఉంది. పేరు 'నమ్మే ముందు అడుగు'. అట్ట మీద రాజశేఖర్ పేరు, దాని కింద ఆయన డిగ్రీలు. లోపలున్న ప్రతి ముక్కా ఆమెది.

నరసరావుపేటలో ఇద్దరిదీ ఒకే డిగ్రీ కాలేజీ. ఆయన ఎకనామిక్స్ లెక్చరరు, ఆమె లైబ్రేరియను. గురజాల నుంచీ క్రోసూరు నుంచీ బస్సులెక్కి వచ్చే పిల్లల్లో సగం మందికి ఫోన్‌లో వచ్చిందల్లా సువార్తే. ఒక మాట ఎక్కడ పుట్టిందో ఎట్లా వెతకాలో వాళ్లకు నేర్పడానికి వారానికో గంట దేబిరించి సంపాదించుకుంది సుస్మిత. ఆ గంట కోసం మూడేళ్లపాటు రాసుకున్న కాగితాలే ఈ పుస్తకం. "లైబ్రేరియన్ పేరేస్తే ఎవరు చూస్తారమ్మా? సారు పేరైతే ప్రమోషన్‌కి పనికొస్తది" అన్నాడు ప్రిన్సిపాల్. "మనిద్దర్లో ఎవరి పేరైతే ఏందే? వచ్చేది మనింటికేగా" అన్నాడు మొగుడు. "మొగోడు పైకొస్తే ఇల్లు పైకొచ్చినట్టే అమ్మాయ్" అంది అత్త జ్ఞానమ్మ, చిక్కుడుకాయల పళ్లెం కోడలి ముందుకు నెడుతూ. ఆ ఇంట్లో తనెక్కడుందో అడగాలనిపించింది సుస్మితకు. అడగలేదు. కాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. ఊరందరికీ అడగడం నేర్పే మనిషి, ఇంట్లో మాత్రం నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు ఉండిపోయింది.

శనివారం ఆవిష్కరణ. ఆ తరవాత జిల్లాలోని కాలేజీలన్నిటికీ పంపుతారు. అన్ని బీరువాల్లోకీ చేరాక ఆ పేరును కదిలించడం ఎవరి తరమూ కాదు.

ఆ మధ్యాహ్నం క్లాసులో ఆ పుస్తకాలే పంచింది. కొత్త పుస్తకం ఏదొచ్చినా పిల్లలకు ఆమె పెట్టే పరీక్ష ఒకటుంది. అట్ట సంగతి పక్కనపెట్టి, లోపల చదివి, రాసింది ఎట్లాంటి మనిషో చెప్పాలి. ముప్పై కాపీలు చేతిలో ఉన్న పుస్తకం ఇదొక్కటే. అంతకుమించి ఆలోచించలేదు. ఎంత వద్దన్నా అట్ట చూసే ఎకనామిక్స్ చదివినోడని చెబుతారు, అయిపోతుంది అనుకుంది.

ముందు లేచింది కారంపూడి అమ్మాయి ఏంజెల్.

"రాసింది ఆడమనిషి మేడమ్."

క్లాసంతా గొల్లుమంది. వెనక బెంచీలోంచి ఎవరో "రాజశేఖరమ్మ!" అన్నారు.

"నవ్వితే నవ్వండి. తొమ్మిదో పేజీ తియ్యండి. రేపు నీళ్లు రావని వాట్సాప్‌లో వస్తే, వాల్వు తిప్పే ఆయన్ని అడగమని ఉంది. ఆయన తెల్లారగట్ల ఐదింటికి వీధి మలుపులో ఉంటాడంట. అది బిందె పట్టుకుని నిలబడినోళ్లకే తెలుస్తది."

నవ్వులు ఆగాయి. పేజీలు తిరగేస్తున్న చప్పుడు. సుస్మిత కూడా తొమ్మిదో పేజీ తీసింది.

"ఇంకోటి మేడమ్. ఈ ఏడు మిరపకాయ ఎట్టాంటిదో తెలియాలంటే మిర్చి యార్డు ఏజెంటుతోపాటు తొడిమలు తీసే ఆడోళ్లని కూడా అడగమని రాసింది. మా అమ్మ కోల్డ్ స్టోరేజీకి తొడిమలు తియ్యబోద్ది. ఇన్నేళ్లు చదివా, మా అమ్మని అడగమన్న పుస్తకం ఇదొక్కటే."

అనేసి ఏంజెల్ గబుక్కున కూర్చుంది.

మాచర్ల నుంచి వచ్చే షాకిర్ చెయ్యెత్తాడు. "నాదీ ఒక పాయింటు మేడమ్. సారు క్లాసులో మేం డౌటు అడిగితే కూర్చో అంటాడు. ఈ పుస్తకంలో చానా పేజీలు డౌట్లే. ఇది సారు రాసింది కాదు."

తన బిందెనూ, తన ఐదు గంటల చీకటినీ, తను నిలబడిన పంపునూ ఈ పిల్లలు అక్షరాల వెనక నుంచి ఒక్కొక్కటే లాగి బయట పెడుతుంటే సుస్మితకు సిగ్గేసింది. సంతోషమూ వేసింది. అవన్నీ రాశానని ఆమెకే తెలియదు. మూడేళ్లూ తనను తాను దాచుకుని రాశాననుకుంది. తీరా చూస్తే పేజీ పేజీలోనూ తనే నిలబడి ఉంది. ఇంట్లో ఇన్నేళ్లుగా కనపడని మనిషి, పద్దెనిమిదేళ్ల పిల్లలకు అరగంటలో కనపడింది! ఇంకేమేం కనిపెడతారో చూడాలని చిన్నపిల్లలా మనసు ఉబలాటపడింది.

"మరి ఎవరు రాశారు మేడమ్?" అన్నాడు షాకిర్.

"ఇప్పటిదాకా మీరు చెప్పింది ఊహ. మంచి ఊహే. కానీ అట్ట మీద పేరున్న మనిషిని అడక్కుండా తేల్చేయకూడదు. సారు స్టాఫ్‌రూములోనే ఉన్నారు. పేజీ నంబర్లు రాసుకుని పదండి."

ఏంజెల్ మళ్లీ లేచింది. "సారు కోప్పడితే?"

"కోప్పడితే, రాసింది నేనని నేను చెబుతాలే."

అన్నాక గాని చెప్పేశానని ఆమెకు తెలియలేదు. ముప్పై తలలు ఒక్కసారి పైకి లేచాయి. ఎవరూ నవ్వలేదు.

సుస్మిత పుస్తకం తీసుకుని తలుపు దాకా నడిచింది. కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో మొగుడు ఏమంటాడోనని భయపడిన రోజులకు లెక్క లేదు. ఏమంటాడో విందామని ఆత్రంగా వెళ్లడం ఇదే మొదటిసారి.