ప్రసన్నకుమార్ లాగిన్

అద్దంకి బస్టాండు వెనక, ఎరువుల కొట్టు పైమేడలో రైతుల సంఘం వాళ్ల పిడుగు హెచ్చరిక కేంద్రం ఉంది. రెండు గదులు, మూడు కంప్యూటర్లు, మూలన ఒక సర్వరు, అంతే. ఉరుముల మబ్బు వస్తోందని తెలియగానే ఇక్కడ ఒక బటన్ నొక్కుతారు. చుట్టుపక్కల మండలాల్లోని రెండు వందల పన్నెండు మంది ముఠా మేస్త్రీల ఫోన్లు ఒకేసారి మోగుతాయి. "పిడుగులు పడతాయి, చేలో ఎవరూ ఉండొద్దు, చెట్ల కిందికి పోవద్దు, పక్కా ఇంట్లోకి వెళ్లండి" అని ఇక్కడ మబ్బుల్ని కనిపెట్టి చూసే ఖుర్షిదా గొంతు పలుకుతుంది. కూలీలను చేలోకి దించేదీ, గట్టెక్కించేదీ మేస్త్రీలే కనుక వాళ్లకు తెలిస్తే అందరికీ తెలిసినట్టే.

ఏప్రిల్ మొదటి వారం, మిరప ఆఖరి కోతలు. గురువారం మధ్యాహ్నం రెండూ నలభైకి ఖుర్షిదా బటన్ నొక్కింది. ఒక్క ఫోనూ మోగలేదు. తెర మీద ఎర్రటి పెట్టె ఒకటి వచ్చింది. మీకు అనుమతి లేదు.

"జాస్మిన్! ఇట్రా ఒకసారి."

జాస్మిన్ అక్కడ సిస్టమ్స్ చూసే అమ్మాయి. ఏడాది పాటు ప్రసన్నకుమార్ దగ్గర పని నేర్చుకుంది. పోయిన నెల అతను మానేశాక బాధ్యతంతా ఆమె మీదే పడింది. ఆ ఎర్ర పెట్టె చూసి మూసి మళ్లీ నొక్కింది. మళ్లీ అదే వచ్చింది.

"మబ్బు ఎక్కడుందక్కా?"

"వినుకొండ దాటింది. ఇటే వస్తంది. నలభై నిమిషాలు పడుద్దేమో."

జాస్మిన్ తల్లి జయకుమారి ఆ పూట గుండ్లకమ్మ ఏటి అవతల పిచ్చమ్మ ముఠాలో కోతకు వెళ్లింది. కోతకు వెళ్తే ఆమె ఫోను ఇంట్లోనే వదిలేస్తుంది. పిచ్చమ్మ కొత్త నంబరు సర్వరులోని జాబితాలో ఉంది. ఆ జాబితా కూడా తెరుచుకోవడం లేదు.

పొద్దున పదకొండింటికి కరెంటు పోయి వచ్చింది. ఇన్వర్టరు పట్టుకోక సర్వరు ఆగిపోయి, తనంతట తాను మళ్లీ లేచింది. అప్పుడు ఏ కేబులో వదులై ఉంటుందనుకుంది జాస్మిన్. తీగలన్నీ పీకి గుచ్చింది. రౌటరు ఆర్పి వెలిగించింది. సర్వరును పలకరించి చూస్తే ఠక్కున పలికింది. రెండో కంప్యూటర్ నుంచి చూసినా పలికింది, కానీ జాబితా అడిగితే మళ్లీ అదే మాట. నెట్‌వర్కులో లోపం లేదు. పన్నెండు నిమిషాలు వృథా అయ్యాయి.

ఖుర్షిదా సొరుగులోంచి రెండేళ్ల నాటి కాగితం జాబితా తీసి ఒక్కో నంబరుకూ ఫోను చేయడం మొదలుపెట్టింది. మొదటి పదిలో నలుగురు ఎత్తారు. పిచ్చమ్మ పాత నంబరు పనిచేయడం లేదంది.

కేంద్రం చూసుకునే ఫిలిప్ మెట్లెక్కి వచ్చాడు. "ఏమ్మా, నెట్ పోయిందా?"

"నెట్ ఉంది సార్. పర్మిషన్ లేదంటోంది."

"అందరికీ అన్ని పర్మిషన్లూ ఇచ్చేసెయ్. తాళాలు తర్వాత వేసుకుందాం."

జాస్మిన్ అడ్మిన్‌గా సర్వరులోకి వెళ్లింది. జాబితా ఉన్న ఫోల్డరు ప్రసన్నకుమార్ పేరు మీద ఉంది. దాన్ని తన పేరుకు మార్చుకుంది. జాబితా తెరుచుకుంది. "అక్కా, కొత్త నంబర్లు!" అని అరిచి మళ్లీ బటన్ నొక్కింది. ఈసారి వేరే సంగతి: కాల్స్ పంపే ప్రోగ్రామ్ అసలు నడవడమే లేదు. నడిపించబోతే లాగిన్ తప్పంది. ఎవరి లాగిన్ అని చూసింది. ప్రసన్నకుమార్‌ది.

జాస్మిన్‌కు నిన్న తాను చేసిన పని గుర్తొచ్చింది.

మానేసినవాళ్ల లాగిన్లు మూసేయమని నిన్న సాయంత్రం ఫిలిప్ రాసి ఇచ్చాడు. ఆమె ప్రసన్నకుమార్ లాగిన్ మూసి, పాస్‌వర్డు కూడా మార్చేసింది. అప్పటికే లోపల నడుస్తున్న ప్రోగ్రామ్ రాత్రంతా ఇబ్బంది లేకుండా నడిచింది. పొద్దున కరెంటు పోయి సర్వరు మళ్లీ లేచినప్పుడు పాత పాస్‌వర్డుతో లోపలికి రాబోయి బయటే ఉండిపోయింది. నాలుగు గంటలుగా ఎవరికీ తెలియలేదు.

తన లాగిన్‌తో నడిపించి చూసింది. మొదలై వెంటనే ఆగిపోయింది. కాల్స్ కంపెనీ ఇచ్చిన రహస్య కోడు ప్రసన్నకుమార్ లాగిన్ లోపలే దాచి ఉంది. అది తెరుచుకోవాలంటే అతని పాత పాస్‌వర్డే కావాలి.

మూడు దాటి నాలుగు నిమిషాలయింది. పడమటి కిటికీలో వెలుగు బూడిద రంగుకు తిరిగింది. ఖుర్షిదా రెండు ఫోన్లతో మాట్లాడుతూనే ఉంది. "పిచ్చమ్మది బిజీ వస్తందే," అంది ఫోను చెవి దగ్గరి నుంచి తీయకుండానే.

జాస్మిన్ ప్రసన్నకుమార్‌కు ఫోను చేసింది. ఒంగోలులో ఏదో కంపెనీలో చేరాడు. ఫిలిప్‌తో మాటామాటా పెరిగి, ఆయన పొమ్మంటే ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయిన మనిషి. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తాడు.

"అన్నా, నీ పాత పాస్‌వర్డు కావాలి."

"ఏంటి? పొమ్మన్నాక నా పాస్‌వర్డుతో పనేంటి మీకు?"

"నీ లాగిన్ నేనే మూసేశాను. కాల్స్ పోవట్లేదు. మబ్బు నెత్తి మీదికొచ్చింది."

అవతల గొంతు తగ్గింది. "అది నా పేరు మీద నడవకూడదని ఎన్నిసార్లు చెప్పాను ఆయనకి..."

"మా అమ్మ చేలో ఉందన్నా."

"రాసుకో," అన్నాడు ప్రసన్నకుమార్. కూతురు ఆరాధన పేరు, వెనక నాలుగంకెలు. ఒక్కో అక్షరం రెండేసిసార్లు చెప్పాడు. ఏది ముందు తెరవాలో, ఏది తర్వాతో కూడా చెప్పి, ఫోను పెట్టకుండా కనిపెట్టుకుని ఉన్నాడు.

లాగిన్ తెరిచింది. పాత పాస్‌వర్డు పెట్టింది. ప్రోగ్రామ్ నడిపించింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. ఈసారి ఆరలేదు. బటన్ నొక్కింది.

ఇరవై. డెబ్బై. నూట నలభై. తెర మీద ఎత్తినవాళ్ల లెక్క పెరుగుతూ ఉంటే కిటికీ అద్దాలు మొదటిసారి దడదడలాడాయి. మూడూ పదహారు.

నాలుగింటికి పిచ్చమ్మ ఫోను నుంచి జయకుమారి మాట్లాడింది. "బడి వరండాలో ఉన్నామే. పిచ్చమ్మ తిట్టుకుంటా పరిగెత్తించింది. గట్టు మీద తాడిచెట్టు భగ్గున అంటుకుంది." జాస్మిన్ ఆ మాట ఖుర్షిదాకు చెప్పింది.

అరగంట తర్వాత రెండో కబురు వచ్చింది. లాల్ అహ్మద్ అనే మేస్త్రి కాల్ అందగానే తన ముఠాను డాబాలోకి పంపించాడు. కల్లంలో ఆరబోసిన కాయ మీద టార్పాలిన్ పట్ట కప్పడానికి తానొక్కడూ వెనక్కి పోయాడు. పిడుగు పక్కనే పడింది. స్పృహ లేకుండా ఉంటే ఒంగోలు ఆసుపత్రికి తీసుకుపోయారు.

రెండూ నలభైకే కాల్ వెళ్లి ఉంటే కాయ మీద పట్ట కూడా కప్పేవాడు, డాబాలోకీ చేరేవాడు. ఆ లెక్క జాస్మిన్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మర్నాడు పైవాళ్లకు రిపోర్టు పంపాలి. "నెట్‌వర్క్ సమస్య అని రాయమ్మా. ఎవరికీ ఇబ్బంది ఉండదు," అన్నాడు ఫిలిప్, ఆమె ముఖం చూడకుండా. జాస్మిన్ రాసింది: నెట్‌వర్క్ బాగానే ఉంది. ఆ లాగిన్ మీద ఏం నడుస్తోందో చూడకుండా నేను మూశాను. ఫిలిప్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. చివరికి పెన్ను తీసి కింద తన వాక్యం చేర్చాడు. ప్రసన్నకుమార్ ముందే చెప్పాడు, నేను వినలేదు.

శనివారం జాస్మిన్ ఒంగోలు వెళ్లింది. లాల్ అహ్మద్ మంచం మీద కూర్చుని కమలాపండు ఒలుస్తున్నాడు. కుడికాలికి కట్టు ఉంది. ఆమె మంచం పక్కన నిలబడి, దారంతా కూడబలుక్కున్న మాటలు చిన్నగా చెప్పింది.

"ఏంటమ్మా? ఆ చెవి పోయింది. ఇటొచ్చి చెప్పు."

ఇటు వైపు వచ్చి గట్టిగా చెప్పింది. ఫోను ఆలస్యమైంది నా వల్లనే అని వార్డంతా విన్నది. పక్క మంచం ముసలాయన కూడా తల తిప్పి చూశాడు.

లాల్ అహ్మద్ ఒలవడం ఆపాడు. కోపమో కాదో ఆ ముఖంలో తెలియలేదు.

"ఇప్పుడు బాగైందా అది?"

"బాగైంది. ఇప్పుడు ఎవరి పేరు మీదా లేదు. దానికంటూ వేరే లాగిన్ పెట్టాను. కరెంటు తీసేసి, మళ్లీ వేసి చూశాను."

"మళ్లీ మబ్బు వస్తే టయానికి మోగుద్దా?"

"మోగుద్ది."

"సోమవారం ఇంటికి పంపిస్తారంట. మంగళవారం ఒకసారి మోగించు," అన్నాడు. "నా చెవితో నేను వినాలి."