పెదనాన్న మౌనం, వ్యాసు ఓళిగలు

మా తమ్ముడు వేదవ్యాస్‌కు పుట్టుకతోనే చూపు లేదు. రోజూ ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో ఒక్కడే పోయి, బ్యాంకులో ఉద్యోగం చేసి వస్తాడు. అంతటి మొనగాడు ఇంట్లో శుభకార్యమైతే మాత్రం అందరికీ పసిపిల్లాడే. మొదటి బంతిలో ఓ మూల కూర్చోబెట్టి, "కుడిపక్క పప్పు, ఎడమపక్క పచ్చడి" అని నలుగురూ చెవిలో అరుస్తారు. చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మా చెల్లెలు శ్రీరక్ష పెళ్లికి వాడు పట్టుబట్టాడు. "పెండ్లికూతురి అన్నను. నేను వడ్డించకపోతే ఎట్లమ్మా? ఓళిగలు నేనే వేస్తా."

"ఎవరి మీదన్నా వేస్తే పరువు పోతాదప్పా!" అంది అమ్మ. చివరికి ఒప్పుకుంది కానీ, ఒక్క పొరపాటు జరిగినా బొబ్బట్ల బుట్ట లాక్కుంటానని షరతు పెట్టింది.

వాడి పద్ధతి తేలికే. బల్ల అంచు పట్టుకుని నడుస్తాడు. చేతికి గ్లాసు తగిలితే దాని వెనకే ఆకు. "ఓళిగ వేసేదా?" అని అడుగుతాడు. చాలంటే ముందుకు పోతాడు. ఏమీ అనకపోతే పాపం మొహమాటమనుకుని వేసేస్తాడు. సగం బంతి చక్కగా సాగింది.

తర్వాతి ఆకు పెదనాన్న శ్రీపాదరావుది. నాన్న పోయాక ఇంటికి పెద్దదిక్కు ఆయనే. ఆయనది మౌనభోజనం. ఆకు ముందు కూర్చున్నాక కనీసం "ఊ" అని కూడా అనడు. వద్దనుకుంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెడతాడు. పొరపాటున తనే ఒక్క మాటన్నా, మౌనం చెడిందని మధ్యలోనే లేచిపోతాడు. పెళ్లిలో పెద్దాయన అలా లేస్తే ఇంకేమన్నా ఉందా!

"ఓళిగ వేసేదా?" అన్నాడు వ్యాసు.

పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. ఓళిగ చేతిమీదే పడింది.

"ఇంకోటి?"

తల అడ్డంగా ఊపాడు. రెండోది పడింది. పెదనాన్న గుడ్లురిమాడు. ఆ చూపుకు మా వంశమంతా వణుకుతుంది, వ్యాసు తప్ప. మూడోదీ పడింది. అమ్మ పరుగెత్తబోతే కొంగు పట్టుకుని ఆపాను. నాకు నవ్వు ఆగడం లేదు.

"చాలురా!"

పెదనాన్న కేకకు బంతి మొత్తం తినడం ఆపేసింది.

"అట్ల నోరు తెరిచి చెప్తే కదా పెదనాన్నా, నాకు తెలిసేది!" అన్నాడు వ్యాసు.

అమ్మ కొంగు విడిపించుకుని పోయి బుట్ట పట్టుకుంది. "ఇయ్యప్పా, ఇంక చాలు." వాడు వదల్లేదు. వాడి ముఖం చూసి నా నవ్వు ఆగిపోయింది. ఇప్పుడు బుట్ట పోతే వాడింక ఎప్పటికీ ఆ మూలనే.

పెదనాన్న లేవలేదు. చేతిమీది ఓళిగల వంక చూశాడు.

"మౌనం ఎట్లాగూ పోయింది. నెయ్యేదిరా? నెయ్యి లేకుండా ఎవడన్నా ఓళిగ వడ్డిస్తాడా, బుద్ధిలేనోడా! పోయి తీసుకురాపో!"

"నేను తెస్తాను బావగారూ," అంది అమ్మ.

"నువ్వుండమ్మా. వడ్డించేది వాడు."

మా ఇంట్లో వాణ్ని కసిరి పని చెప్పిన మొదటి మనిషి ఆయనే. వ్యాసు బుట్ట అమ్మ చేతుల్లో పెట్టి, "పట్టుకోమ్మా, ఇప్పుడే వస్తా," అని బల్ల అంచు వెంట వంటశాలకు బయల్దేరాడు. తిట్లు తిని అంత సంతోషంగా నడిచిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.