ఇగావా గారి ఆవిడ మానేస్తుందట

హలో, వినపడుతోందా అందరికీ? భోజనాలయ్యాయా? ఇవాళ ఇక్కడ జపాన్‌లో మా ఊరి ఆవిడ సంగతి ఒకటి చెప్తాను. మా ఊరంటే ఒక పెద్ద కార్ల కంపెనీ, దాని చుట్టూ ఇళ్ళు, అంతే. కంపెనీ పేరు మనకెందుకు లెండి. ఆవిడ పేరు చిసాతో. మా ఆవిడకి బాగా స్నేహం. తనతో మనసు విప్పి చెప్పుకున్నదే మీకు చెప్తున్నాను, నేను కలిపిందేమీ లేదు. కాస్త పనులు పక్కన పెట్టి వినండి.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక చిసాతో మొగుడు తొమొహిసా లేచి తన గిన్నె తనే కడిగాడు. ఆమెకి అనుమానం మొదలైంది అక్కడే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడు సింకు దగ్గరికి వచ్చింది మంచినీళ్ళు పట్టుకోవడానికే. కడిగిన గిన్నె ఎక్కడ బోర్లించాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తీసుకుని చూస్తే అడుగున మెతుకు అలాగే ఉంది, మళ్ళీ కడిగింది. "ఈమధ్య బాగా అలిసిపోతున్నావు నువ్వు" అన్నాడు వెనకనుంచి. ఆ మాటకి ఆమె చెయ్యి కుళాయి మీదే ఆగిపోయింది. శరదృతువులో అత్తగారు కినుయే తుంటి విరిగినప్పటి నుంచీ తెల్లారుతూనే లేచి ఆవిడకి జావ కాచి, ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, అప్పుడు డ్యూటీకి పరిగెత్తుతోంది. అలసట అప్పుడు కనపడలేదు ఈయనకి. ఇప్పుడు కనపడిందంటే ఏదో కావాలి. ఏం కావాలో అడిగితే చెప్పే మనిషి కాదు. అడగనట్టే అడిగి, మనచేతే ఇస్తామనిపించే రకం.

తొమొహిసా ఆ పెద్ద కార్ల కంపెనీలో కొనుగోళ్ళ విభాగంలో మేనేజరు, ఇంటిపేరు ఇగావా. చిసాతో పనిచేసేది ఆ కంపెనీకి సీట్లు కుట్టి ఇచ్చే చిన్న ఫ్యాక్టరీలో. అక్కడ లైను మీద కార్లు ఏ వరసలో వస్తుంటే ఇక్కడ లారీలోకి సీట్లు అదే వరసలో ఎక్కాలి. నల్ల తోలు సీటు తర్వాత బూడిదరంగు గుడ్డ సీటు రావాలంటే అదే రావాలి. నాలుగు సీట్లు ఎక్కువ తెచ్చి మూల పడేసుకుందాం అంటే కుదరదు, నిలవ పెట్టుకోవడం ఆ కంపెనీలో తప్పు కింద లెక్క. ఆ వరస కట్టేది చిసాతో. అయినా ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. కొనుగోళ్ళ మేనేజరు పెళ్ళాం కదా, అందరికీ "ఇగావా గారి ఆవిడ". ఆ పిలుపులో మర్యాద ఎంతో భయం ఎంతో ఆమెకి ఎప్పుడూ అంతుపట్టలేదు.

ఇప్పటిదాకా ఆమెది ఏడాదికేడాది పొడిగించే కాంట్రాక్టు. ఈ ఏప్రిల్ వస్తే ఐదేళ్ళు దాటుతాయి, అప్పుడు ఆమె పర్మనెంటు అడగొచ్చు, అడిగితే కంపెనీ కాదనడానికి వీల్లేదు, ఇక్కడి చట్టం అది. ఈలోపు మానేస్తే ఇన్నేళ్ళ చాకిరీ గాలికి పోయినట్టే. ఆ ఏప్రిల్ కోసమే ఆమె జ్వరం వచ్చినా సెలవు పెట్టలేదు. ఆ మాట మొన్న సెక్షన్ పెద్ద నిషిగాకి దగ్గర ఎత్తితే, ఆయన టేబుల్ మీద లేని దుమ్ము తుడుస్తూ అన్నీ సర్దుకుంటాయిలెండి అన్నాడు. ఏప్రిల్‌లో కొత్త మోడల్ కారు వస్తోంది, దాని సీట్ల మీటింగుకి ఈమెని పిలవలేదు. పైగా వరస కట్టే పనంతా పక్క టేబుల్ హిదేమికి నేర్పమన్నాడు. చిసాతో నేర్పింది కానీ సగమే నేర్పింది. నవ్వుతూ నవ్వుతూ నా కుర్చీ లాగేస్తోందీ పిల్ల అనుకుంది. ఫ్యాక్టరీలో అందరూ ఉన్నట్టుండి తనతో మెత్తగా మాట్లాడుతున్నారు. బరువు ఎత్తబోతే వద్దు వద్దంటున్నారు. తనకేమైనా జబ్బుందని వీళ్ళకి తెలిసి తనకి తెలియలేదా అని కూడా అనుమానం వచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో హిదేమి తన డబ్బా తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. కాసేపు తిని, "అక్కా, ఆఖరి రోజు అందరికీ స్వీట్లు పంచుతారు కదా, చిక్కుడు గింజల తీపి ముద్ద పెట్టినవి తేకండి, నైట్ షిఫ్టు వాళ్ళు తినరు" అంది.

"ఎవరి ఆఖరి రోజు?" అంది చిసాతో.

హిదేమి నోట్లో ముద్ద నమలడం ఆపేసింది. "మీదే కదక్కా. ఇగావా గారు బ్యాంకాక్ ఫ్యాక్టరీకి వెళ్తున్నారని, ముసలావిడ కోసం మీరు మానేసి ఇంట్లో ఉంటారని… మీకు నేను చెప్పడమేంటి?"

బ్యాంకాక్ అన్న ముక్క చిసాతో వినడం అదే మొదలు. పెద్ద కంపెనీలో బదిలీ సంగతి ముందు వెళ్ళేవాడి చెవిన మాత్రం వేస్తారు, ఆర్డరు వచ్చేదాకా బయటికి పొక్కకూడదు. పొక్కింది ఎక్కడంటే నిషిగాకి ఇచ్చిన మందు పార్టీలో. నాలుగు గుక్కలు పడ్డాక తొమొహిసా, మార్చి అయ్యాక మా ఆవిడ మానేస్తుందిలే అన్నాడట. అన్నది కొనుగోళ్ళ మేనేజరు. ఆర్డర్లిచ్చేవాడి మాట సీట్ల ఫ్యాక్టరీకి ఆర్డరే. నిషిగాకి మర్నాడే ఆ ప్రకారం పనులు సర్దేశాడు. ఇంటి విషయం కదా, ఆమెని ఎందుకని అడగడం మర్యాద కాదని ఆమెని తప్ప అందరినీ అడిగాడు. మర్యాదేనా, లేక ఒక పర్మనెంటు తప్పిందని సంతోషమా? చిసాతో ఆ రెండోదే ఎక్కువ నమ్మింది. హిదేమి ముఖంలోకి చూడలేకపోయింది. ఇన్నాళ్ళూ తను ఎవరిని అనుమానించాలో వాళ్ళని వదిలేసి ఈ అమ్మాయికి సగం సగం నేర్పింది.

సాయంత్రం భోజనాల దగ్గర అడిగింది.

"చెప్దామనే అనుకున్నా. ఇంకా ఆర్డరు రాలేదు, ఎవరికీ చెప్పకూడదు" అన్నాడు తొమొహిసా.

"నిషిగాకి గారికి చెప్పారుగా."

"అది పని విషయం."

చిసాతో సూపు గిన్నె కింద పెట్టింది. "నా పని విషయమేనండి అది."

"నీది కాంట్రాక్టే కదా, చిసాతో. ఇప్పుడు కాదంటే పాపం నిషిగాకి ఎంత ఇబ్బంది పడతాడు? నా మాట ఏం కావాలి అక్కడ?"

నిషిగాకి ఇబ్బంది పడతాడట. ఆమె లోపల ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు తిప్పి చూసినా అందులో తనకి చోటు దొరకలేదు. అత్తగారు ముల్లంగి ముక్క కొరుకుతూ, "మీ మావయ్య బ్రెజిల్లో ఉన్నప్పుడు నేనెవరికి చెప్పుకున్నానమ్మా. ఉద్యోగం చేస్తేనే మనిషా ఏంటి, మేమంతా మనుషులం కామా" అని టీవీ సౌండు పెంచింది. ఆ మాటలో దెప్పు ఎంత, ఆవిడ సొంత కడుపుమంట ఎంత అని చిసాతో చాలాసేపు ఆలోచించింది. ఆ మంటని కూడా తననే ఆర్పమంటున్నారేమో అనిపించింది.

మర్నాడు నిషిగాకిని పక్కకి పిలిచి, నేను మానడం లేదండీ అని మెల్లగా చెప్పింది. ఆయన తల గోక్కున్నాడు. "అలాగా… ఒకసారి ఇగావా గారిని కూడా కనుక్కుని చెప్తానండీ" అన్నాడు.

నా ఉద్యోగం గురించి నేను చెప్తే మా ఆయన్ని కనుక్కుంటాడట అనుకుంది. చిసాతో సరేనని వచ్చేసింది. మళ్ళీ అడగలేదు. నిషిగాకీ మళ్ళీ ఎత్తలేదు. ఇంట్లో తొమొహిసా కూడా, దారికొచ్చిందనుకుని, గిన్నెలు కడగడం మానేశాడు. మార్చి చివరి పనిదినం పొద్దున జావ గిన్నె అత్తగారి ముందు పెట్టి, మొగుడితో, "వెళ్ళేలోపు పగలు అత్తయ్యని చూసుకునే మనిషిని మీరు కుదర్చండి. నేను డ్యూటీకి వెళ్తున్నాను" అంది. డ్యూటీ ఈ ఒక్కరోజే కదా అన్నట్టు తలాడించాడాయన.

ఫ్యాక్టరీలో పొద్దున లైను మొదలయ్యే ముందు అందరూ వరసగా నిలబడతారు. మానేసేవాళ్ళు ముందుకొచ్చి, ఇన్నాళ్ళు దయ చూపించారని వంగి నాలుగు మాటలు చెప్పి, పూలు తీసుకుని వెళ్ళాలి. అక్కడ ఇంకో రకం మాట ఎవరైనా మాట్లాడగా ఎవరూ వినలేదు. నిషిగాకి గొంతు సవరించుకుని ఇగావా గారి ఆవిడని పిలిచాడు. హిదేమి పూలగుత్తితో నిలబడి ఉంది. చిసాతో ముందుకొచ్చి, అందరిలాగే వంగి లేచింది. పూలు మాత్రం అందుకోలేదు.

"నిషిగాకి గారూ, నేను మానేస్తానని నా నోటంట మీరెప్పుడైనా విన్నారా?"

నిషిగాకి ఇటూ అటూ చూశాడు. అంతమంది ముందు ఇప్పుడు ఎవరినీ కనుక్కోవడానికి లేదు.

"లేదు" అన్నాడు. "వినలేదు."

"అయితే మా ఆయన చెప్పింది ఆయన గురించే అనుకోండి. ఆయన వెళ్తున్నారు. నేను ఉంటున్నాను. ఏప్రిల్లో నా పర్మనెంటు నేను అడుగుతున్నాను."

మళ్ళీ వంగి, వరసలో తన చోటికి వెళ్ళి నిలబడింది.

అదండీ సంగతి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఒకావిడ సంగతి ఆవిడ లేనప్పుడు తేల్చేస్తుంటారు చూడండి, ఆవిడకి ఈ కథ పంపించండి. తేల్చేసేవాళ్ళు మీ గ్రూపులోనే ఉంటే వాళ్ళకి కూడా పంపించండి, ఏమీ అనుకోరులే.