సింగయ్య గ్లాసు

ఐదో ఇంటి చెత్తబుట్ట ఎత్తగానే అడుగు వెచ్చగా తగిలింది. సింగయ్య దాన్ని మళ్లీ కింద పెట్టి పైనున్న విస్తరాకులు తొలగించి చూశాడు. అనుకున్నంతా అయింది. పొయ్యి బూడిద. అందులో రెండు నిప్పుకణికలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"బూడిద వేరే డబ్బాలో పెట్టాలండి," అన్నాడు అరుగు మీద వేపపుల్ల నములుతున్న వేంకటసుబ్రహ్మణ్యంతో.

"రూల్సు నాకే చెప్తున్నావటోయ్? ఆ మునిసిపాలిటీ నోటీసు అచ్చుకి పోకముందు తప్పులు దిద్దింది ఎవరనుకున్నావ్?"

"మీరేనండి. బండి అంటుకుంటదేమోనని అన్నానండి."

"అంటుకుంటే మునిసిపాలిటీది అంటుకుంటుంది. నీదేం పోయింది?"

ఆయన ప్లీడరు గుమాస్తాగా రిటైరైన మనిషి. వాదనలో ఆయన్ని గెలిచినవాడు తెనాలిలో లేడు. సింగయ్య బండి కింద వేలాడే ముంతలోని నీళ్లు చల్లి, నిప్పు చుయ్యిమని చల్లారాక బుట్ట బండిలో కుమ్మరించాడు. ఖాళీ బుట్టను గుమ్మం పక్కన బోర్లించి గంట వాయించాడు. ఒంటెద్దు మల్లడు చెప్పకుండానే ఆరో ఇంటికి కదిలాడు.

ఆ రూల్సు పుట్టి నాలుగేళ్లయింది. ఊరి చెత్తంతా కాలవ అవతల గుంటల్లో పోసి మాగబెడితే, కాకుమాను వైపు రైతులు బళ్లు కట్టుకొచ్చి ఎరువుకి తీసుకుపోతారు. ఒక రైతు పొలంలో ఎరువు చల్లుతుంటే కాల్లో గాజుపెంకు దిగి, కాలు వాచి మంచమెక్కాడట. అప్పుడు దండోరా వేయించారు. తెల్లవారి ఆరున్నరకల్లా బుట్ట గుమ్మం బయట ఉండాలి. బూడిద వేరు, గాజుపెంకులు గుడ్డలో మూటగట్టి వేరు. బండివాడు ఖాళీ బుట్టను బోర్లించి పోవాలి, కుక్కలు మూతి పెట్టకుండా. గంటలోపల ఇంటివాళ్లు దాన్ని లోపలికి తీసుకోవాలి. డప్పు గట్టిగానే మోగింది గాని, అదంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. సింగయ్య అరచేతుల్లో ఉన్న గాట్లు లెక్కపెడితే ఏ ఇల్లు ఏ రూలు పాటించలేదో చెప్పొచ్చు.

ఆ రూల్సన్నీ పాటించిన ఇల్లు వీధి మొత్తానికి ఒక్కటే. అది చివరనున్న దుర్గాంబగారి పెంకుటిల్లు.

సింగయ్యది సముద్రం పక్క అడవులదీవి. వల పట్టిన చేతులు. పెళ్లయిన రెండో ఏడు పెళ్లాం మాణిక్యం పురిట్లో పోయింది, బిడ్డా దక్కలేదు. ఆ తరవాత అతనికి సముద్రం చూస్తే నీళ్లు తప్ప ఇంకేం కనపడలేదు. నడుచుకుంటూ వచ్చి తెనాలిలో తేలాడు. చెత్తబండి పని ఖాళీగా ఉందంటే ఎక్కాడు. ఎక్కాక అతని కులమేదని ఎవరూ అడగలేదు. బండే అతని కులమైపోయింది. ముప్ఫై ఏళ్లుగా ఈ వీధుల్లో తిరుగుతున్నాడు. ఎవరింట్లో చుట్టాలొచ్చారో, ఎవరింట్లో జ్వరమో, ఎవరు మాంసం తెచ్చుకుని పక్కింటికి తెలియకుండా దాచారో బుట్టలే చెబుతాయి. ఇన్ని ఇళ్ల సంగతులు తెలిసిన మనిషికి, తన సంగతి చెప్పుకోవడానికి మాత్రం ఒక్క ఇల్లు లేదు. ఉందంటే, దుర్గాంబగారి గుమ్మమే.

ఆవిడకి డెబ్బై దాటాయి. భర్త పోయాడు, పిల్లల్లేరు. తమ్ముడి కొడుకు బాపట్లలో మేష్టరు, పండక్కి ఉత్తరం రాస్తాడు. సింగయ్య మూడోసారి గంట వాయించేసరికి చెంబుతో గుమ్మంలోకి వచ్చేది. అరుగు స్తంభం వెనక గోడలో ఒకప్పుడు దీపం పెట్టుకునే చిన్న గూడుంది. అందులో అంచు కింద ఆకుపచ్చ గీతున్న దళసరి గాజు గ్లాసు. సింగయ్య అది తీసి పట్టుకుంటే ఆవిడ పైనుంచి మజ్జిగ పోసేది. తాగి, తనే కడిగి, గూట్లో బోర్లించేవాడు. ఆ గ్లాసు ఇంట్లోకి పోదు. ఇంట్లో గ్లాసులు గూట్లోకి రావు. అత్తగారి కాలం నాటి పద్ధతి అది, ఆవిడ మార్చలేదు. సింగయ్యకూ అందులో తప్పేమీ కనపడలేదు. ఊరు ఊరంతట్లో తనకంటూ ఒక వస్తువు ఉంచిన ఇల్లు అదే కదా అనుకునేవాడు.

"ఇవాళ గొంతు బొంగురుపోయిందేంటి సింగయ్యా?" అనేది ఆవిడ. అతని గొంతులో తేడా గమనించడానికి ఆ గొంతు వినేవాళ్లు మరెవరున్నారు గనక!

ఈ ఉదయం మాత్రం అతని గొంతులో ఒక మాట మూడు రోజులుగా ఇరుక్కుని ఉంది. పందొమ్మిది వందల డెబ్బై రెండు, మార్చి ఆఖరి రోజది. రేపటినుంచి గుమ్మం గుమ్మానికీ బండి రాదు. వీధి చివర సిమెంటు తొట్టి కట్టారు, ఎవరి చెత్త వాళ్లే మోసుకెళ్లి అందులో వెయ్యాలి, ట్రాక్టరు వచ్చి ఎత్తుకుపోతుంది. సింగయ్యను గుంటల దగ్గర గాజు ఏరే పనికి వేశారు. నిన్న పొద్దున్నే దండోరా కూడా అయిపోయింది. దుర్గాంబగారి మోకాళ్లు చలికాలం నుంచీ లేవనివ్వడం లేదు. పొద్దున్నే కదల్లేక ముందురోజు సందెవేళే బుట్ట బయట పెట్టేస్తోంది. తొట్టిదాకా ఎలా నడుస్తుంది?

'అమ్మగారండీ, బండి లేకపోయినా పనిలోకి పోయేముందు నేనొచ్చి మీ బుట్ట తీసుకెళ్తానండి.' ఇదీ ఆ మాట. బుట్ట ఒక సాకు. రోజూ ఒకసారి ఆ గుమ్మం ముందు నిలబడే హక్కు పోకుండా చూసుకోవాలని అతని ఆశ. ఆవిడ 'ఎందుకయ్యా' అంటే ఏం చెయ్యాలో తోచక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

మల్లడు ఆ ఇంటి ముందు ఆగాడు. బుట్ట బయటే ఉంది. తలుపు వేసి ఉంది. సింగయ్య గంట వాయించాడు, మళ్లీ వాయించాడు. అలికిడి లేదు. బుట్టలో గుప్పెడు కూరగాయ తొక్కలు, వాటి పక్కన తెల్ల చీర పీలికలో కట్టిన మూట. రెండు ముళ్లు వేసి ఉంది. గుడ్డ మళ్లీ పనికొస్తుందని ఆవిడ చెప్పిన ప్రకారం, పెంకులు బండిలోని కిరసనాయిలు డబ్బాలో వేసి పీలికను బుట్ట కింద పెట్టి పోవడం అతనికి అలవాటు. ముళ్లు విప్పాడు.

దళసరి గాజు. ఒక పెంకు మీద ఆకుపచ్చ గీత.

సింగయ్య ఆ పెంకును అటూ ఇటూ తిప్పి చూశాడు. రేపటినుంచి రాడు గదా, ఇంకెందుకీ గ్లాసని పడేసింది. అందుకే తలుపు కూడా తియ్యలేదు. పెంకులు డబ్బాలో గలగలమని పడ్డాయి. మూడో గంట వాయించలేదు. స్తంభం వెనక గూటి వైపు చూడబుద్ధి కాలేదు. బుట్ట బోర్లించి, పీలిక దాని కింద దోపి, మల్లడి తోక మెలిపెట్టాడు. ముప్ఫై ఏళ్లలో అతను ఎద్దు తోక మెలిపెట్టడం అదే మొదలు.

గుంటల దగ్గర బండి ఖాళీ చేసి, చద్దన్నం డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేశాడు. "పోనీలే," అని పైకే అన్నాడు. వినడానికి మల్లడు తప్ప ఎవరూ లేరు. కోపం వచ్చిందనుకున్నాడు గాని అది కోపం కాదు, ఏడుపు.

బండి గంట ఆఫీసులో అప్పజెప్పాలి. స్టేషను రోడ్డు మీదుగా పోదామనుకున్నాడు. మల్లడు మాత్రం అలవాటు కొద్దీ పాత వీధిలోకే తిరిగాడు, తిరిగి దుర్గాంబగారి ఇంటి ముందే ఆగాడు. రోజూ అరటితొక్కలు పెట్టే ఇల్లది. దాని లెక్క దానిది. అప్పటికి రేపల్లె పాసింజరు కూడా వెళ్లిపోయి, పొద్దు బాగా ఎక్కింది.

బుట్ట తను బోర్లించినచోటే ఉంది. పీలిక కిందే ఉంది.

గంట తిరక్కముందే బుట్ట లోపలికి తీసుకోవాలన్న రూలు ఆవిడ ఈ నాలుగేళ్లలో ఒక్కరోజు తప్పలేదు. సింగయ్య గంట వాయించాడు. ఆపకుండా వాయించాడు. చివరికి "అమ్మగారండీ!" అని కేకేశాడు.

పక్కింటి పాలమనిషి ధనమ్మ పేడచేతులతో వచ్చింది. "కుడితికని పొద్దున పిలిచా, పలకలా. పడుకుందేమో అనుకున్నా," అంది. వేంకటసుబ్రహ్మణ్యం వచ్చాడు. మరో ఇద్దరు వచ్చి తలుపు గడియ ఊడదీశారు. సింగయ్యను లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వద్దని కూడా అనలేదు. అతను వీధిలోనే నిలబడ్డాడు.

కాసేపటికి వేంకటసుబ్రహ్మణ్యం కండువా నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చాడు. "పోయిందోయ్. రాత్రి నిద్రలోనే పోయినట్టుంది. బాపట్లకి టెలిగ్రాం ఇవ్వాలి," అన్నాడు. పొద్దుటి ప్లీడరు గొంతు కాదది.

ధనమ్మ అరుగు మీద కూలబడింది. "నిన్న సందేళ బుట్ట పెడతా తూలి గూడు పట్టుకుంది, సింగయ్యన్నా. నీ గ్లాసు కిందపడి పగిలింది. నేనేరతానంటే ఒప్పుకుందా? ఆ మోకాళ్లమీదే కూకుని ఒక్కో పెంకూ ఏరింది, సింగయ్య చేతికి గుచ్చుకుంటయ్యే అంటా. రేపు ఒక్కపూటేగా, ఇంక బండి రాదంటగా అన్నా. 'బండి రాకపోతే ఏంటే, మనిషి రాడా?' అంది."

సింగయ్య మూడు రోజులు గొంతులో మోసుకు తిరిగిన ప్రశ్నకి ఆవిడ జవాబు నిన్న సందెవేళే చెప్పేసింది. తను ఆ గుమ్మం ముందు నిలబడి, ఆ ముసలి ప్రాణం మీద అలిగి, తలుపైనా తట్టకుండా పోయాడు. ఈ తప్పు ఎవరితో చెప్పుకోవాలి? చెప్పుకునే గుమ్మం అదే కదా.

చేతులు రెండూ పంచెకి తుడుచుకుని అరుగు మెట్టెక్కి స్తంభం వెనక్కి వంగి చూశాడు.

గూట్లో గ్లాసుంది. గాజుది కాదు, స్టీలుది. ఇంట్లోది. చింతపండుతో తోమి బోర్లించి ఉంది. బొటనవేలితో తడిమితే అంచు కింద చుక్కలు చుక్కలుగా అక్షరాలు తగిలాయి. సింగయ్యకి చదువు రాదు.

"ఏం రాసుందండీ?" అని అడిగాడు.

వేంకటసుబ్రహ్మణ్యం కళ్లజోడు సర్దుకుని వంగాడు. "'దుర్గాంబ' అని," అన్నాడు మెల్లగా.

సింగయ్య దిగివచ్చి, మునిసిపాలిటీ గంట చంకలో పెట్టుకుని మల్లడి పక్కన నడిచాడు. వెనక గుమ్మం దగ్గర బుట్ట బోర్లించి ఉంది, గూట్లో ఆవిడ పేరున్న గ్లాసు, ఇంకా ఎవరూ తాగనిది, బోర్లించి ఉంది.