ఫ్రిజ్జులో పడుకునే హాకీ బిళ్ళ

నేను ఒక రబ్బరు బిళ్ళను. నల్లగా, గుండ్రంగా, అరచేతిలో పట్టేంత ఉంటాను. ఆ ఆదివారం ఇంట్లో ఎవరెవరున్నారో ముందు చెప్తాను. వంటింట్లో సింహాలమ్మ, ఈ ఇంటి పెద్ద. వీధి అరుగు మీద ఆమె కొడుకు దాలినాయుడు, పటాలంలో వంటలు చేసి రిటైరై వచ్చినవాడు. నడవలో అతని మేనకోడలు హేమ. పక్కూరి పిల్ల, అమ్మమ్మ దగ్గర ఉండి ఇక్కడి హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇక నేను ఫ్రిజ్జు పై అరలో, ఐసు గడ్డల మధ్య, రొయ్యల పొట్లానికి ఆనుకుని ఉన్నాను.

రబ్బరు బిళ్ళకి ఫ్రిజ్జులో ఏం పని అనుకుంటున్నారేమో. నాది మంచు మీద ఆడే హాకీ. వెచ్చగా ఉంటే బంతిలా గంతులేస్తాను. బాగా చల్లబరిస్తే నేలను అంటిపెట్టుకుని జారతాను. అందుకే ఆటకు ముందు నన్ను ఐసులో పెడతారు. దాలినాయుడు దీన్ని పద్ధతి అంటాడు. "టైరు ముక్కని తీసుకొచ్చి తిండి పక్కనెట్టినాడు" అంటుంది సింహాలమ్మ. ఇద్దరి మాటా నిజమే.

నేను ఎక్కడో ఒక కర్మాగారంలో వేడి అచ్చులోంచి ఊడిపడ్డాను. ఆ వేడి ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు, తర్వాత చలే ఎక్కువ చూశాను కదా. లడఖ్‌లో దాలినాయుడి పటాలం ఉన్న పల్లె పక్కన నీటిగుంట చలికాలమంతా రాయిలా గట్టిపడిపోయేది. అక్కడి పిల్లలు అడుగున కత్తుల్లాంటి ఇనుప పలకలున్న బూట్లు తొడుక్కుని, కర్రలతో నన్ను తరిమేవాళ్ళు. దాలినాయుడు ఒకే ఒకసారి ఆ బూట్లు తొడిగాడు. నిలబడిన సేపు కంటే పడి ఉన్న సేపే ఎక్కువ. ఆ తర్వాత ఎప్పుడూ టీ కెటిలుతో గట్టు మీదే కనిపించేవాడు.

ఆడటం రాని మనిషికి ఆట మీద ఎంత ప్రేమ ఉంటుందో అక్కడే చూశాను. ఏ పిల్ల పెద్ద జట్టులోకి వెళ్తుందో, ఎవరు రెండేళ్ళలో మానేస్తారో అతను ముందే చెప్పేవాడు. చెప్పినట్టు జరిగితే తనకే మెడల్ వచ్చినంత సంబరపడి, జీడిపప్పు దండిగా వేసి ఉప్మా చేసి అందరికీ పెట్టేవాడు. జరగకపోతే ఉప్మా ఉండేది కాదు, ఆ మాట మళ్ళీ ఎత్తేవాడూ కాదు. మనుషులు జోస్యాలను ఇలాగే కాపాడుకుంటారు. అతను వచ్చేసేటప్పుడు ఆ పిల్లలు నన్ను అతని జేబులో వేశారు.

ఈ శ్రీకాకుళం పల్లెలో మంచెక్కడిది? వరి నూర్పులయ్యాక సిమెంటు కళ్ళం ఖాళీగా ఉంటుంది. దాని మీద నీళ్ళు చల్లి, పైన గంజి పోస్తే చాలు, పిల్లలూ జారతారు, నేనూ జారతాను. మొదలు వంపు తిరిగిన తాటిమట్టలే కర్రలు. గంజి మాత్రం గేదె వాటా. అందుకే ప్రతి ఆదివారం సింహాలమ్మ ఒక తిట్టు, ఒక గిన్నె ఇచ్చేది.

దాలినాయుడు కళ్ళం గట్టున కుర్చీ వేసుకుని పిల్లలను తూకం వేసేవాడు.

"ఈ భార్గవ గాడికి మోచెయ్యి ఉంది గానీ మెడ నేదు. తలెత్తి సూడ్డు. కల్యాణి అరిసి అరిసే గోలు కొట్టీసిద్ది."

"మరి మన హేమ?" అని ఎవరో అడిగారు.

"అదా? దానికి బిళ్ళంటే బయ్యం. ఇలా వొచ్చిందో నేదో అలా వొదిలీసిద్ది."

హేమ ఆ మాట విని తాటిమట్ట చివర మట్టిని గోటితో గీకుతూ నిలబడింది. నాకు నోరుంటే అప్పుడే అరిచేవాడిని. ఇంట్లో ఎవరూ లేనప్పుడు హేమ నన్ను మంచం కింద నుంచి, బియ్యం డబ్బాల మధ్య నుంచి, గడపను తగలకుండా తిప్పేది. నేనంటే ఆమెకు భయం లేదు. నలుగురూ తనను చూస్తున్నారంటేనే భయం. కళ్ళంలో ఆమె నన్ను ఏ వైపు వదిలినా అప్పటికి అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. నేను చేరేసరికి మాత్రం ఎవరో ఒకరు ఉండేవారు. గోలు భార్గవది, కేకలు కల్యాణివి. బిళ్ళ ఎటు నుంచి వచ్చిందో చూసే అలవాటు మనుషులకు తక్కువ.

ఒక ఆదివారం హేమకు జ్వరం వచ్చింది. ఆ రోజు నేను కళ్ళమంతా దిక్కులేనట్టు తిరిగాను. భార్గవ కొట్టిన దెబ్బలన్నీ గడ్డివాములో పడ్డాయి. కల్యాణి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. దాలినాయుడు కుర్చీలో ముందుకు వంగి చాలాసేపు చూశాడు.

"ఏటిది? ఈయాల బిళ్ళకి దారి తెలట్నేదు" అన్నాడు. అని, ఆట సగంలో నన్ను జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు.

హేమ దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

"అమ్మడూ, నువ్వు బయపడి వొదిలీట్నేదు కదేటి?"

జవాబు దుప్పట్లోంచే వచ్చింది. "ఆళ్ళు అక్కడికే వొస్తారని తెలిసిపోద్ది మావయ్యా."

దాలినాయుడు లేచి వంటింట్లోకి వెళ్ళాడు. కాసేపటికి నేతిలో జీడిపప్పు వేగుతున్న వాసన వచ్చింది.

ఇక ఆ ఆదివారానికి వద్దాం. విశాఖపట్నంలో చక్రాల బూట్ల మీద హాకీ నేర్పే మాస్టారు ఒకాయన వస్తున్నాడు. దాలినాయుడికి పటాలం నాటి స్నేహితుడు. వేసవి సెలవుల్లో ఒక్కరిని తన దగ్గర ఉంచుకుని నేర్పుతానన్నాడు. "కాళ్ళ సంగతి నేను చూసుకుంటాను, ఆట తెలిసిన పిల్లని చూపించు చాలు" అన్నాడట. దాలినాయుడు హేమ పేరు చెప్పాడు. కానీ మాస్టారు కళ్ళారా చూడాలి. వచ్చే ఏడు హేమది పదో తరగతి, అప్పుడు ఎక్కడికీ పంపరు. వెళ్తే ఈసారే.

మోటారు సైకిలు ఆగిన చప్పుడైంది. "బిళ్ళ తేవే అమ్మడూ!" అని అరుగు మీద నుంచి కేక.

హేమ నన్ను తీసింది. గుమ్మం దాకా వెళ్ళి, కొత్త మనిషిని, చుట్టూ మూగిన జనాన్ని చూసి వెనక్కి వచ్చేసింది. నన్ను మళ్ళీ ఐసు గడ్డల మధ్య పెట్టింది. మళ్ళీ తీసింది. ఆమె చెయ్యి నాకంటే చల్లగా ఉంది.

"అమ్మమ్మా, నువ్వట్టుకెళ్ళి ఇచ్చీవా?"

"ఆ టైరు ముక్కని నాను ముట్టుకోను."

"అయితే భార్గవని పిలు. ఆడే ఆడతాడు."

సింహాలమ్మ గరిటె పక్కన పెట్టి ఇవతలికి వచ్చింది. ఆమె వెనక పొయ్యి పక్కన పెద్ద గిన్నె నిండా గంజి ఉంది.

"పొద్దున్నుంచి గేది అరిసి సస్తంది. ఒక్క సుక్క పొయ్యనేదు. ఎవులి కోసం దాసినాననుకున్నావే? ఆ బార్గవ గాడి కోసమేటి?"

హేమ ఏదో అనబోయింది. సింహాలమ్మ గంజిగిన్నె ఆమె చంకకెత్తి, రెండు భుజాలు పట్టుకుని గుమ్మం దాటించింది. "ఆడి రా. ఆడకుండా వొచ్చినావంటే తలుపు తియ్యను" అంది.

ఒక చంకలో గంజి, ఒక చేతిలో నేను. హేమ లోపలికి తిరిగేలోపే సింహాలమ్మ తలుపు వేసి గడియ పెట్టేసింది.