ఊదే డబ్బా

మా ఆయన నతానియేలుకి తన ఊపిరంటే మహా గర్వం. గుడివాడ చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో ముప్పై ఏళ్ళుగా క్లారినెట్ ఊదుతున్న మనిషి. చరణం చరణమంతా ఒక్క దమ్ములో లాగించేవాడు. మధ్యలో ఆగి గాలి తీసుకునే వాళ్ళని చూస్తే ఆయనకి చిన్నచూపు. "వాడు ఊదుతున్నాడా, మేడ మెట్లు ఎక్కుతున్నాడా?" అని పెళ్ళివారి ముందే వెక్కిరించేవాడు. నేను మోచేత్తో పొడిస్తే తప్ప ఆపేవాడు కాదు.

కరోనా రెండో విడతలో సరిగ్గా ఆ ఊపిరి మీదే దెబ్బ పడింది. గుడివాడలో ఎక్కడా మంచం దొరక్క బందరు తీసుకెళ్ళాం. ఆక్సిజన్ పెట్టారు. నన్ను లోపలికి రానివ్వలేదు. ఆస్పత్రి ఎదురుగా గోడ నీడన కూర్చుని వచ్చిన కీర్తనలన్నీ పాడాను, అయిపోతే రానివి కూడా పాడాను. నా గొంతు భరించలేకే దేవుడు ఆయన్ని త్వరగా పంపించేసి ఉంటాడని మావాళ్ళు ఇప్పటికీ అంటారు. ఏదైతేనేం, సగం మనిషైనా ఇంటికొచ్చాడు.

వచ్చేటప్పుడు చేతికొక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. అందులో మూడు గదులు, గదికో రంగు బంతి, పక్కన నోట్లో పెట్టుకునే గొట్టం. తలనుంచి కాళ్ళదాకా తెల్ల డ్రెస్సులో మునిగిపోయిన నర్సమ్మ, "రోజూ ఊదించండమ్మా, మూడు బంతులూ పైకి లేవాలి" అంది. మూతికి మాస్కు, దాని మీద ఇంకో మాస్కు. పాపం, నోటితో చేసి చూపించే వీలు ఆవిడకెక్కడిది? ఆ వార్డులో ఆయాల దగ్గర్నుంచి గేటు దగ్గర కూర్చునే ఆయన దాకా అందరూ దాన్ని ఊదే డబ్బా అనే పిలిచారు. మేమూ అలాగే పిలిచాం.

ఇంటికొచ్చాక మా ఆయన దాన్ని చూసి నవ్వాడు. "ఊదడం నాకు నేర్పుతారటే!" అన్నాడు. వీపు నిటారుగా పెట్టి, పెదాలు సర్దుకుని, కచేరీకి కూర్చున్నట్టు కూర్చుని ఊదాడు. బంతులు కదల్లేదు. మళ్ళీ ఊదాడు. దగ్గొచ్చింది, కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి, బంతులు మాత్రం అడుగునే చల్లగా కూర్చున్నాయి. ఆ మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. మొదట డబ్బాని తిట్టాడు, తర్వాత నన్ను తిట్టాడు, ఆ తర్వాత తిట్టడమే మానేశాడు. మా ఆయన తిట్టడం మానేస్తే ఇంట్లో దీపం ఆరిపోయినట్టే ఉంటుంది.

ఇక్కడ మాబు గురించి చెప్పాలి. మా ఆయన మేళంలోనే సైడ్ డ్రమ్ము వాయిస్తాడు, మా వీధిలోనే ఉంటాడు. వరసలు మాకు మేమే కలుపుకున్నాం. నన్ను అక్కా అంటాడు, మా ఆయన్ని బావా అంటాడు. వాళ్ళావిడ హలీమా నన్ను వదినా అంటుంది. వాళ్ళమ్మాయి సుమయ్యా నిఖా వేసవిలో జరగాల్సింది, కరోనా వల్ల చలికాలానికి వాయిదా వేశారు. పెళ్ళికొడుకు ఆమిర్‌ది దివిసీమలో అవనిగడ్డ. చిన్నప్పటినుంచీ సుమయ్యా మా ఆయన్ని అడిగింది ఒకటే. "నా పెళ్ళికొడుకు వచ్చేటప్పుడు నువ్వే ఎదురొచ్చి ఊదాలి మావయ్యా." ఊదుతానని ఈయన మాటిచ్చాడు.

ఒకరోజు మాబు, హలీమా చూడ్డానికి వచ్చారు. మా ఆయన లేచి వెళ్ళి క్లారినెట్ పెట్టె తెచ్చి మాబు ఒళ్ళో పెట్టాడు.

"ఎవరికైనా పనికొస్తే ఇచ్చేయ్. సుమయ్యా పెళ్ళికి ముదినేపల్లి మేళం వాళ్ళని మాట్లాడుకో" అన్నాడు.

"ఏం మాటలు బావా అవి?"

"ఒక్క బంతి కూడా లేవట్లేదు మాబూ. నా లోపల ఇంక గాలి లేదు."

మాబుకి కోపం వచ్చింది. "ఏదీ, నేను చూస్తా ఆ దిక్కుమాలిన డబ్బాని" అని తీసుకున్నాడు. నేను గొట్టాన్ని సబ్బు పెట్టి, వేణ్ణీళ్ళలో కడిగిచ్చాను. మాబు బుగ్గలు పొంగించి ఊదాడు. బంతులు కదల్లేదు. ఇంకా గట్టిగా ఊదాడు. మెడ నరాలు తేలాయి కానీ బంతి తేల్లేదు. మాబు ముఖం పాలిపోయింది.

"నాకు కూడా పోయినట్టున్నాయి అక్కా ఊపిరితిత్తులు" అన్నాడు నీరసంగా.

హలీమా గొట్టం లాక్కుని ఊదింది. లేవలేదు. నేను ఊదాను. లేవలేదు. నలుగురం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళం చూసుకున్నాం. డబ్బాలో ఏదైనా తేడా ఉందేమో అన్న ఆలోచన మా నలుగురిలో ఒక్కరికీ రాలేదంటే నమ్మండి. ఆ రోజుల్లో భయం అలాంటిది. తుమ్మితే కరోనా, తుమ్మకపోతే లోపల దాక్కున్న కరోనా. హలీమాకి అప్పటికప్పుడు ఆయాసం మొదలైంది. నాకు ఎడమ పక్క నొప్పి పుట్టింది. మాబు అయితే కూతురి పెళ్ళి చూస్తానో లేదో అని గోడకి జారగిలబడిపోయాడు. విచిత్రమేమిటంటే అసలు రోగి మా ఆయనే లేచి మా ముగ్గురికీ మంచినీళ్ళిచ్చాడు.

మర్నాడు పొద్దున కర్ఫ్యూ సడలించగానే నలుగురం ఆటోలో బందరు బయల్దేరాం. దారంతా ఎవరూ మాట్లాడలేదు, గాలి దాచుకోవాలి కదా.

ఆస్పత్రిలో శ్వాస వ్యాయామాలు చేయించే అమ్మాయి పేరు నిస్సీ. మా నలుగురి గోడూ ఓపిగ్గా విన్నది. ఒకే గొట్టం నలుగురం నోట్లో పెట్టుకున్నామని చెప్పగానే మాత్రం లేచి నిలబడింది.

"ఏవండీ, అది హుక్కా అనుకున్నారా? ఎవరి గొట్టం వాళ్ళదే. ఇంకెప్పుడూ అలా చెయ్యకండి" అని చెడామడా వాయించింది. మేం తలలు దించుకున్నాం. తర్వాత, "సరే, మీరెలా చేస్తున్నారో చూపించండి బాబాయ్" అంది.

మా ఆయన వీపు నిటారుగా పెట్టాడు. పెదాలు సర్దుకున్నాడు. ఊదాడు.

నిస్సీ కళ్ళు పెద్దవయ్యాయి. "ఊదుతున్నారేంటి?"

"మరి?"

"పీల్చాలి బాబాయ్! గాలి లోపలికి లాగాలి. అప్పుడు లేస్తాయి బంతులు."

"ఊదమన్నారుగా అమ్మా!"

"ఎవరన్నారు?"

మా ఆయన జవాబు చెప్పేలోపే తలుపు దగ్గరికి ఒక ఆయా వచ్చి, "నిస్సీ మేడమ్, మూడో నంబరు పెద్దాయన చేత ఇంకా ఊదించలేదండీ, మీరు వస్తారా?" అంది.

నిస్సీ బల్ల మీద తల ఆనించి నవ్వడం మొదలెట్టింది. మాస్కులో నవ్వితే భుజాలే తెలుస్తాయి. తర్వాత నా నవ్వు బయటపడింది, అది వరండా దాకా వినపడిందట. ముప్పై ఏళ్ళు ఊది బతికినవాడి చేతికి గొట్టం ఇచ్చి ఊదమంటే ఊదక ఏం చేస్తాడు చెప్పండి?

నిస్సీ తలా ఒక కొత్త గొట్టం ఇచ్చింది. మాబు పీల్చాడు. మూడు బంతులూ టకటకా లేచాయి. హలీమాకీ లేచాయి, ఆయాసం అక్కడికక్కడే పోయింది. నాకైతే లేచి దిగమన్నా దిగలేదు. పెద్ద నోరని నాకు ఊరికే పేరు రాలేదు.

చివరికి మా ఆయన వంతు. గట్టిగా లాగాడు. మొదటి బంతి కదిలింది, వణికింది, సగంలోనే పడిపోయింది. దగ్గు తగ్గాక మళ్ళీ లాగాడు. ఈసారి ఆ బంతి పైదాకా వెళ్ళి తలుపు తట్టినట్టు టక్కుమంది. మిగతా రెండూ అలాగే కూర్చున్నాయి. మా నవ్వులు ఆగిపోయాయి.

"లేచింది! రాహేలూ, లేచిందే!" అన్నాడు మా ఆయన నా వైపు తిరిగి. చిన్నపిల్లాడిలా మాబు భుజం మీద కొట్టాడు.

నిస్సీ దాచలేదు. "లోపల మచ్చలు పడ్డాయి బాబాయ్. రోజూ చేస్తే చాలావరకు బాగవుతుంది. మునుపటంత గాలి మాత్రం రాకపోవచ్చు" అంది. క్లారినెట్ సంగతి డాక్టరుగారిని అడిగి వచ్చింది. కొన్నాళ్ళు ఆగి, నెమ్మదిగా, కూర్చుని ఊదొచ్చట. ఆయాసం వస్తే ఆపేయాలట. మా ఆయనకి చివరి మాట తప్ప మిగతావన్నీ నచ్చాయి.

ఆ తర్వాత మా ఇల్లు బడి అయిపోయింది. పొద్దున డబ్బా, సాయంత్రం రైల్వే స్టేషన్ దాకా నడక. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు. మిరపకాయల పోపు వేసేముందు నేను ఊరంతటికీ వినపడేలా కేకేయడం, ఆయన వీధిలోకి పారిపోవడం. దసరా వెళ్ళేసరికి రెండో బంతి కూడా లేవడం మొదలెట్టింది. మూడోది మొండిది, ఈ రోజుకీ లేవదు.

డాక్టరుగారు సరేనన్నాక ఒక మధ్యాహ్నం, మాబు మా ఇంట్లోనే వదిలేసి వెళ్ళిన క్లారినెట్ తీశాడు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. పాట అందుకున్నాడు. ఎంత బాగుందో అనుకునేలోపే చరణం సగంలో తెగింది. మళ్ళీ ఊదాడు, మళ్ళీ అక్కడే తెగింది. పెట్టె మూసిన చప్పుడు వినిపించింది.

"ముదినేపల్లి వాళ్ళకే చెప్పమను మాబుకి. సగం సగం ఊది నలుగురిలో నవ్వులపాలు కాలేను" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "పాస్టరుగారు మధ్యలో గాలి పీల్చకుండానే ప్రసంగం చెప్తున్నారా? నేను గాలి పీల్చకుండానే నిన్ను తిడుతున్నానా? బందరులో ముక్కుకి పెట్టిన ఆ ఆక్సిజన్ గొట్టం తీశాక నువ్వు తీసుకునే ప్రతి ఊపిరీ నాకు పండగే. దాన్ని పట్టుకుని సిగ్గంటావా?" అన్నాను. అని చేట అక్కడే వదిలేసి పెరట్లోకి పోయి ఏడ్చాను. ఆయన మాత్రం పెట్టె తియ్యలేదు.

మాబు ఎవర్నీ మాట్లాడుకోలేదు. "బావ వస్తే పాట, రాకపోతే ఒట్టి డ్రమ్ములు" అన్నాడు.

పెళ్ళిరోజు సాయంత్రం అవనిగడ్డ కార్లు వీధి మలుపు తిరిగాయి. ఫంక్షన్ హాలు గేటు దగ్గర మేళం యూనిఫారాల్లో నిలబడి ఉంది. మా ఆయన ఇస్త్రీ చొక్కాలో, చుట్టం చూపుగా వచ్చినవాడిలా దూరంగా ఉన్నాడు. పైన కిటికీలోంచి సుమయ్యా ముసుగు సగం తీసి, "మావయ్యా!" అని ఒక్క కేక పెట్టింది. పెళ్ళికూతురు అలా అరవకూడదని వెనకనుంచి ఎవరో లాగారు. మా ఆయన పైకి చూశాడు, కార్ల వైపు చూశాడు. గబగబా వెళ్ళి, మాబు ఎప్పుడు తెచ్చి పెట్టాడో, మేళం పక్కనున్న పెట్టెలోంచి క్లారినెట్ తీశాడు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి గేటుకి అడ్డంగా లాక్కుని కూర్చున్నాడు.

పాట మొదలైంది. కార్లోంచి దిగిన ఆమిర్ అక్కడే నిలబడిపోయాడు. నేను చీర చెంగు గుప్పిట్లో పట్టుకున్నాను. చరణం సగానికి వచ్చింది, ఆయన ఆగాడు. క్లారినెట్ దించాడు. తల దించలేదు. అంతమంది ముందు, ఛాతీ నిండా, నింపాదిగా గాలి పీల్చుకున్నాడు. పెళ్ళికూతురి తండ్రి మాబు కొత్త షేర్వాణీలోనే డ్రమ్ము లాక్కుని ఆ ఖాళీని దడదడలాడించాడు. మా ఆయన నవ్వి, మళ్ళీ అందుకున్నాడు. ఆగినప్పుడల్లా డ్రమ్ము, డ్రమ్ము ఆగితే పాట. "ఈ పద్ధతేదో కొత్తగా ఉందే!" అన్నాడు అవనిగడ్డ పెద్దమనిషి ఒకాయన, తలాడిస్తూ.

నా బుగ్గలు తడిసిపోయి ఉన్నాయి. హలీమా పక్కకి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అన్నయ్య పాట ఎంత బాగుంది వదినా!"

"పాట ఎవరు విన్నారే?" అన్నాను. "ఆయన ఊపిరి తీసుకోవడం విన్నాను."