మిగిలిన పేర్లు

మా నాన్న రేడియోలో వార్తలు చదువుతాడు. నేను అదే స్టేషన్‌లో, అద్దానికి ఇవతల, మైకులూ మీటలూ చూసుకునే ఇంజినీర్ని. ఆయనకి దగ్గొస్తే ఆ దగ్గు జనానికి వినపడకుండా మీట నొక్కడం నా డ్యూటీ. ఇంత చదువూ ఇందుకా అని అమ్మ దెప్పుతుంది గానీ, ఆ మీట మీద నాకంటే చురుకైన వేలు స్టేషన్‌లో ఇంకొకటి లేదు.

నిన్న సాయంత్రం దగ్గు రాలేదు. పడవ మునిగిన వార్త వచ్చింది. పోయినవాళ్ల పేర్లన్నీ చదవాల్సిందేనని పట్టుబట్టింది నాన్నే. "మరికొందరు అని ఏ తల్లీ బిడ్డకి పేరు పెట్టదండీ" అన్నాడు మేనేజర్‌తో. సగం దాకా బాగానే చదివాడు. ఒకే ఇంటిపేరు వరసగా వస్తూ ఉండేసరికి ఆగిపోయాడు. ఏడుపూ లేదు, ఏమీ లేదు. రేడియోలో ఏమీ లేకపోవడమంత పెద్ద చప్పుడు ఇంకోటి ఉండదు. నేను గబుక్కున ఏదో పాట వేసేశాను.

పొద్దున్నే మేనేజర్ ఫోను. "మీ నాన్నగారి వల్ల కాకపోతే మొహమాటపడొద్దమ్మా. మిగతావాళ్లని 'మరికొందరు' అని కానిచ్చేద్దాం. సాయంత్రంలోగా చెప్పు." స్పీకర్లో ఉంది కాబట్టి నాన్న కూడా విన్నాడు.

మా ఇంట్లో భోజనం దగ్గర ఎవరి వార్తలు వాళ్లు రేడియో ఫక్కీలో చదవాలి. చిన్నప్పుడు బళ్లో ఏం జరిగిందని అడిగితే నేను "ఏం లేదు" అనేదాన్నట, అందుకని నాన్న పెట్టిన రూలు. ముఖ్యాంశాలు చెప్పనిదే కూర పడదు.

"ఇవాళ నా దగ్గర వార్తల్లేవు" అన్నాడు నాన్న, కంచంలోకి చూస్తూ.

అమ్మ సిటీ బస్సు నడుపుతుంది. స్టీరింగ్ చేతిలో లేనప్పుడు గరిటె ఉంటుంది. అది పైకెత్తి గొంతు సవరించుకుంది.

"ముఖ్యాంశాలు. పక్కింటావిడ పట్టుకెళ్లిన మన నిచ్చెన క్షేమంగానే ఉన్నట్టు విశ్వసనీయ వర్గాల భోగట్టా. బాల్కనీలో పావురం గుడ్లు పెట్టింది. తల్లీపిల్లలు కులాసా."

"గుడ్లు పెడితే పిల్లలెక్కడివే? నిర్ధారణ కాని వార్త చదవకూడదు."

"పెద్ద చెప్పొచ్చారు! మీరు చదవరు, చదివేవాళ్లని చదవనివ్వరు. ఇక నా బస్సు నుంచి అందిన వార్త. ముందు సీట్లో ఒకాయన పక్కనున్న కుర్రాడి భుజం మీద నిద్రపోయాడు. కుర్రాడి స్టాపొచ్చినా లేవలేదు, ఆయనకి మెలకువొస్తుందని. చివరిదాకా వచ్చి, మళ్లీ నా బస్సులోనే వెనక్కి పోయాడు."

నాన్న తల ఎత్తాడు. "ఆ అబ్బాయి పేరేంటి?"

"నాకేం తెలుసు? బస్సు నడపనా, జనాభా లెక్కలు రాసుకోనా?"

"అడగాల్సింది." కాసేపు కూర కలుపుతూ కూర్చున్నాడు. "అలాంటివాళ్ల పేరు అడగాలే."

ఆ తర్వాత మారు వడ్డించుకుని తిన్నాడు. లేచి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. రేడియోలో చొక్కా ఎవరు చూస్తారని నేను అనలేదు.

సాయంత్రం మైకు ముందు కూర్చుని నిన్న ఆగిన చోట అందుకోలేదు. మొదటి పేరు నుంచి మొదలెట్టాడు. మేనేజర్ నా వెనక చేరి "మళ్లీ మొదట్నుంచా? అవతల ప్రకటనలున్నాయమ్మా!" అని గింజుకున్నాడు.

"ఉంటాయి సార్, ఎక్కడికీ పోవు."

ఆ ఇంటిపేరు వచ్చింది. నాన్న ఆగాడు. నా వేలు పాట మీటకేసి వెళ్లింది. అద్దంలోంచి నాకేసి చూశాడు. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. నాన్న నీళ్లు ఒక గుక్క తాగి ఆ ఇంటి తల్లి పేరు చదివాడు. తర్వాత పిల్లల పేర్లు, ఒక్కొక్కటీ, ఎదురుగా నిలబడ్డవాళ్లని పిలిచినంత మెల్లగా. ఆఖరి పేరు దాకా ఎక్కడా గొంతు తడబడలేదు. మేనేజర్ ఎప్పుడు కూర్చున్నాడో గానీ, కుర్చీలో తల దించుకుని ఉన్నాడు.

వార్తలు అయ్యీ అవగానే ఫోను మోగింది. ఎవరో ఆడమనిషి.

"మా తమ్ముడి పేరు చదివారండీ. ఇంట్లో అందరం విన్నాం. ఇంతకీ ఎవరమ్మా మీరు?"

రూలు ప్రకారం డ్యూటీ ఇంజినీర్ అని చెప్పాలి.

"ఆ చదివినాయన కూతుర్నండీ" అన్నాను.